కల్లూరు ఓటు, సత్తుపల్లి సీటు

సత్తుపల్లిలో 2018లో సండ్ర వెంకటవీరయ్య దాదాపు 19 వేల ఓట్ల ఆధిక్యంతో గెలిచారు. 2023లో అదే సత్తుపల్లిలో దాదాపు 19 వేల తేడాతోనే ఓడిపోయారు. మధ్యలో ఊళ్లు మారలేదు, మండలాలు మారలేదు, అభ్యర్థీ మారలేదు. మారింది మెడలో కండువా ఒక్కటే. తెలుగుదేశం పసుపు కండువా వేసుకున్నప్పుడు మూడుసార్లు వరసగా గెలిపించిన జనమే, అధికార పార్టీ గులాబీ కండువాతో ఓట్లడగడానికి వచ్చేసరికి ఇంటికి పంపారు. ఫిరాయించినందుకు పడిన శిక్ష అని చెప్పేసి పక్కకు తప్పుకోవడం తేలిక. అందులో నిజం లేకపోలేదు. కానీ గెలిచే కండువాను వదిలి ఓడే కండువాను ఒక అనుభవజ్ఞుడైన ఎమ్మెల్యే ఎందుకు తగిలించుకున్నట్టు? ఖమ్మం జిల్లాలో ఆ పని చేసింది ఆయన ఒక్కరే కూడా కాదు. ఆ ప్రశ్నకు జవాబు వెతికితే ఒక మనిషి గుణదోషాల దగ్గర ఆగం. నియోజకవర్గాల పటం దగ్గరికి, తహసీల్దారు ఆఫీసులో ఫైలు నడిచే దారి దగ్గరికి వెళ్లాల్సి వస్తుంది.

ఇప్పటి సత్తుపల్లి నియోజకవర్గంలో సత్తుపల్లి, వేంసూరు, పెనుబల్లి, కల్లూరు, తల్లాడ మండలాలున్నాయి. ఖమ్మం నుంచి రాజమండ్రి వైపు పోయే రోడ్డు మీద వైరా, తల్లాడ దాటాక వచ్చేది కల్లూరు. నాగార్జునసాగర్ ఎడమ కాలువ నీళ్లకు ఇది చివరి భాగానికి దగ్గర. పైన నీళ్లు బాగుంటే వరి, లేకపోతే ఆకాశం వైపు చూపు. ఇంకా తూర్పుకు వెళ్తే సత్తుపల్లి బొగ్గు గనులు, ఆ తర్వాత అశ్వారావుపేట పామాయిల్ తోటలు, ఆపైన అడవి, కోయగూడేలు, గోదావరి. 2016 అక్టోబరులో జిల్లాల పునర్విభజన జరిగినప్పుడు కల్లూరు రెవెన్యూ డివిజన్ కేంద్రమైంది. ఖమ్మం జిల్లాకు మిగిలిన రెండు డివిజన్లలో ఒకటి ఖమ్మం, రెండోది కల్లూరు. ఊరికి ఆఫీసు పెరిగింది. ఊరి మాట అసెంబ్లీలో వినిపించే సీటు మాత్రం సత్తుపల్లి పేరు మీదే ఉంది.

ఆ పేరుకు చాలా చరిత్ర ఉంది. జలగం వెంగళరావు 1962 నుంచి, అప్పట్లో వేంసూరు పేరుతో ఉన్న ఇదే నియోజకవర్గంలో గెలుస్తూ వచ్చారు. హోంమంత్రి అయ్యారు. 1973 డిసెంబరులో ముఖ్యమంత్రి అయ్యారు, 1978 మార్చి దాకా ఉన్నారు. ఆరు సూత్రాల పథకం అమలు, ఎమర్జెన్సీ, హైదరాబాద్‌లో ప్రపంచ తెలుగు మహాసభలు, అడవుల్లో ఎన్‌కౌంటర్లు, అన్నీ ఆ కాలంలోవే. సత్తుపల్లిలో సింగరేణి తవ్వే ఓపెన్‌కాస్ట్ గనికి ఇప్పటికీ జేవీఆర్ అనే పేరు. ఆయన తర్వాత కొడుకు ప్రసాదరావు, ఇంకో కొడుకు వెంకట్రావు అదే సత్తుపల్లి నుంచి అసెంబ్లీకి వెళ్లారు. వాళ్లకు ఎదురు నిలిచింది తెలుగుదేశం నుంచి తుమ్మల నాగేశ్వరరావు. 1983లో ప్రసాదరావు గెలిస్తే 1985లో తుమ్మల, 1989లో మళ్లీ ప్రసాదరావు, 1994, 1999ల్లో తుమ్మల, 2004లో వెంకట్రావు. పాతికేళ్లపాటు సత్తుపల్లి ఎన్నిక అంటే ఈ రెండు ఇళ్ల మధ్య పోరే. ఊళ్లలో రెండే జట్లు. పెళ్లికి ఎవరిని పిలవాలో, పంచాయితీ ఎవరి అరుగు మీద జరగాలో కూడా దాన్నిబట్టే తేలేదంటే అతిశయోక్తి కాదు.

ఈ బరిని ఓటరు చెరపలేదు. 2008లో నియోజకవర్గాల పునర్విభజన (డీలిమిటేషన్) చెరిపేసింది. 2001 జనాభా లెక్కల ఆధారంగా జస్టిస్ కుల్‌దీప్ సింగ్ కమిషన్ గీసిన పటంలో సత్తుపల్లి ఎస్సీ రిజర్వుడు అయింది. పాత సత్తుపల్లి నుంచి దమ్మపేట, అశ్వారావుపేట వైపు నేలను విడదీసి అశ్వారావుపేట అనే ఎస్టీ నియోజకవర్గాన్ని కొత్తగా పుట్టించారు. అంతకుముందు ఎస్సీ సీటుగా ఉన్న పాలేరు జనరల్ అయింది. జనరల్‌గా ఉన్న మధిర ఎస్సీకి వెళ్లింది. సుజాతనగర్, బూర్గంపాడు మాయమయ్యాయి. వైరా, పినపాక పుట్టాయి. ఉమ్మడి ఖమ్మం జిల్లాలో తొమ్మిది సీట్లలో అయిదు జనరల్‌గా ఉన్న పటం పోయి, పది సీట్లలో మూడే జనరల్‌గా ఉన్న పటం వచ్చింది. ఖమ్మం, పాలేరు, కొత్తగూడెం. అంతే.

సామాజిక న్యాయం దృష్టితో చూస్తే ఇది ఎప్పుడో జరగాల్సింది. అడవి అంచు జిల్లాలో గిరిజనులకు అయిదు సీట్లు దక్కడం ఎవరి దయా కాదు, లెక్క ప్రకారం రావాల్సిందే. అయితే సీట్లు చేతులు మారినప్పుడు రాజకీయ పెత్తనం కూడా చేతులు మారిందా అన్నది వేరే లెక్క. పాత సీటు పోయిన పెద్ద నాయకులు రాజకీయాలు మానేయలేదు. ఆ మూడు జనరల్ సీట్లలోకి తోసుకొచ్చారు. 2009లో తుమ్మల, జలగం వెంకట్రావు ఖమ్మం టౌనుకొచ్చి అక్కడ తలపడ్డారు. సత్తుపల్లి తగాదా ఊరు మారిందే తప్ప తీరలేదు. తర్వాత వెంకట్రావు కొత్తగూడెం వెళ్లారు. తుమ్మల 2016 ఉప ఎన్నికలో పాలేరు వెళ్లారు, 2018లో అక్కడే ఓడారు, 2023లో కాంగ్రెస్ గుర్తు మీద తిరిగి ఖమ్మంలో గెలిచి మంత్రి అయ్యారు. ఇక పొంగులేటి శ్రీనివాసరెడ్డి సొంతూరు ఇదే కల్లూరు మండలంలోని నారాయణపురం. సొంత మండలం ఉన్న నియోజకవర్గంలో ఆయన పోటీ చేసే వీల్లేదు. అందుకే 2014లో ఖమ్మం లోక్‌సభకు, 2023లో పాలేరు అసెంబ్లీకి పోటీ చేశారు. ఇప్పుడు ఆయనా రాష్ట్ర మంత్రే. కల్లూరు మండలం మంత్రిని ఇచ్చింది, కానీ ఆ మంత్రికి ఓటేసే హక్కు కల్లూరుకు లేదు. ఇటువంటి వింతలు పటం గీసేవాళ్ల కాగితాల మీద కనపడవు.

సండ్ర వెంకటవీరయ్య ఈ పటంలో ఎదురు దిశలో నడిచిన మనిషి. ఆయన ప్రయాణం మొదలైంది సత్తుపల్లిలో కాదు, పాలేరులో. 1994లో ఎన్టీఆర్ గాలి, దానికి తోడు వామపక్షాల పొత్తు. పాలేరు అప్పటికి ఎస్సీ సీటు. సీపీఎం అభ్యర్థిగా సండ్ర గెలిచారు. పాలేరు అంటే సాయుధ పోరాట జ్ఞాపకం ఇంకా చల్లారని నేల. ఎర్రజెండా పార్టీలో ఎమ్మెల్యే టికెట్ అంటే ఒక మనిషి సంపాదించుకున్న ఆస్తి కాదు, కమిటీ అప్పగించిన బాధ్యత. ఊరూరా శాఖ ఉంటుంది, రైతు సంఘం ఉంటుంది, వ్యవసాయ కార్మిక సంఘం ఉంటుంది. పార్టీ చెప్పినచోట మాట్లాడాలి, చెప్పనిచోట ఊరుకోవాలి. యువకుడికి అది బరువుగా అనిపించవచ్చు. ఆ బరువే అండ కూడా. ఆ తర్వాత పాలేరులో కాంగ్రెస్ నుంచి సంభాని చంద్రశేఖర్ నిలదొక్కుకున్నారు. సండ్ర సీపీఎంను వదిలి తెలుగుదేశంలో చేరారు. 2008 పటం వచ్చాక పాలేరు జనరల్ కావడంతో ఇద్దరికీ కిందనున్న నేల పోయింది. ఇద్దరూ సత్తుపల్లికి వచ్చారు. జలగం, తుమ్మల ఖాళీ చేసిన ఇంట్లోకి పాలేరు ప్రత్యర్థులిద్దరూ దిగారు. 2009లో సండ్ర గెలిచారు.

ఇక్కడే అసలు విషయం ఉంది. సత్తుపల్లికి వచ్చేసరికి సండ్ర చేతిలో సంఘం లేదు, శాఖ లేదు. ఉన్నది తెలుగుదేశం పార్టీ, ఆ పార్టీని ఊళ్లలో నడిపే పెద్ద రైతులు, ఆ రైతులకు తుమ్మలతో పాతికేళ్ల అనుబంధం. రిజర్వుడు సీటులో పోటీ చేసే అభ్యర్థికి ఇది కొత్త కాదు. ఓట్లు వాడల్లో ఎన్ని ఉన్నా బూత్ ఖర్చు, బండ్లు, ఊరి పెద్దల మాట సాయం మోతుబరుల దగ్గరి నుంచే రావాలి. గెలిచాక పనులూ వాళ్లవే ముందు జరగాలి. సొంత కాళ్ల మీద నిలబడే ఎమ్మెల్యే కావడానికి సమయం పడుతుంది. సండ్రకు ఆ ఓపిక ఉందనే చెప్పాలి. తుమ్మల 2014లో తెలుగుదేశాన్ని వదిలి టీఆర్ఎస్‌లో చేరినా సండ్ర కదల్లేదు. అంతకు కొన్ని నెలల ముందే ఎన్నికల్లో ఆయన గట్టి పరీక్ష దాటారు. ఆ ఏడాది వైఎస్ఆర్‌సీపీ తరఫున పొంగులేటి ఖమ్మం ఎంపీగా గెలిచారు. జిల్లాలో ఆ పార్టీకి మూడు అసెంబ్లీ సీట్లు వచ్చాయి. సత్తుపల్లిలో ఆ పార్టీ అభ్యర్థి మట్టా దయానంద్ విజయకుమార్ సండ్ర చేతిలో రెండున్నర వేల లోపు ఓట్ల తేడాతో ఓడిపోయారు. ఎంపీ ఎన్నికలో వీచిన గాలిని తట్టుకుని, రాష్ట్రం విడిపోయి ఆంధ్రా పార్టీ అన్న ముద్ర పడిన తెలుగుదేశం గుర్తు మీద గెలవడం మామూలు సంగతి కాదు.

2015లో ఓటుకు నోటు కేసు వచ్చింది. శాసనమండలి ఎన్నికల సమయంలో మే నెలాఖరున అప్పటి తెలుగుదేశం ఎమ్మెల్యే రేవంత్ రెడ్డి అరెస్టయ్యారు. జులైలో ఏసీబీ సండ్రను కూడా అరెస్టు చేసింది. బెయిల్ వచ్చింది. తనకు సంబంధం లేదంటూ ఆయన కోర్టులను ఆశ్రయించారు. ఆరోపణ ఆరోపణే, తీర్పు కాదు. చెప్పుకోవాల్సింది ఇంకొకటి. ఆ కేసుకు ముందూ తర్వాతా కలిపి తెలంగాణ తెలుగుదేశంలో గెలిచిన 15 మందిలో 12 మంది ఒక్కొక్కరుగా అధికార పార్టీలోకి పోయారు. మిగిలినవాళ్లు ముగ్గురు. రేవంత్, ఆర్. కృష్ణయ్య, సండ్ర. కేసు ఒత్తిడి ఉంది, పార్టీ మునుగుతోంది, అయినా పోలేదు. ఆ మధ్యలో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఆయన్ను టీటీడీ పాలకమండలిలో సభ్యుడిగా వేసింది. సీపీఎం ఎమ్మెల్యేగా మొదలైన మనిషి వేంకటేశ్వరస్వామి బోర్డు దాకా నడిచిన దారి సినిమా కథలో పెడితే నమ్మరేమో గానీ, తెలుగు రాజకీయాల్లో ఎవరూ వింతగా చూడలేదు.

2018లో కాంగ్రెస్, తెలుగుదేశం కలిసి మహాకూటమి కట్టాయి. దాదాపు రాష్ట్రమంతా టీఆర్ఎస్ ఊడ్చేసింది. తెలుగుదేశానికి తెలంగాణ మొత్తంలో మిగిలినవి రెండే సీట్లు. సత్తుపల్లిలో సండ్ర, అశ్వారావుపేటలో మెచ్చా నాగేశ్వరరావు. ఒకప్పటి సత్తుపల్లి నేల నుంచి చీలిన రెండు ముక్కలూ ఇవే. 2019లో సండ్ర టీఆర్ఎస్ వైపు వెళ్తున్నట్టు ప్రకటించారు. 2021 ఏప్రిల్‌లో సండ్ర, మెచ్చా ఇద్దరూ కలిసి తెలుగుదేశం శాసనసభాపక్షాన్ని టీఆర్ఎస్‌లో విలీనం చేయమని స్పీకర్‌కు లేఖ ఇచ్చారు. పదో షెడ్యూలు ప్రకారం మూడింట రెండొంతుల మంది ఒప్పుకుంటే విలీనం చెల్లుతుంది. ఇద్దరిలో ఇద్దరు. ఇంతకన్నా నిండు లెక్క చట్టానికి ఎక్కడ దొరుకుతుంది? నందమూరి తారక రామారావు పార్టీ తెలంగాణ అసెంబ్లీలో అలా ముగిసింది.

ఎందుకు వెళ్లారు అంటే ఆయనే కాదు, వెళ్లిన ప్రతివాళ్లూ చెప్పే మాట ఒకటే: నియోజకవర్గ అభివృద్ధి కోసం. ఆ మాట వింటే నవ్వొస్తుంది. కానీ కల్లూరులో ఒక కల్యాణలక్ష్మి దరఖాస్తు వెంట నడిచి చూస్తే నవ్వు కొంత తగ్గుతుంది. పిల్ల పెళ్లయింది. శుభలేఖ, పెళ్లి ఫొటో, ఆధార్ జిరాక్సులు, కులం, ఆదాయం సర్టిఫికెట్లు, తల్లి బ్యాంకు పాస్‌బుక్ పట్టుకుని మీసేవలో దరఖాస్తు పెడతారు. అది తహసీల్దారు ఆఫీసుకు వెళ్తుంది. రెవెన్యూ ఇన్‌స్పెక్టర్ వచ్చి విచారణ చేస్తాడు. అక్కడ బాగానే ఉంది, ఇది రెవెన్యూ పని. ఆ తర్వాత ఫైలు ఎమ్మెల్యే దగ్గరికి వెళ్తుంది. ఎమ్మెల్యే సంతకం పడితేనే ఆర్డీవో దగ్గరికి, అక్కడి నుంచి ట్రెజరీకి. చివరికి ఒక లక్షా నూట పదహార్ల చెక్కు వస్తే, అది నేరుగా తల్లి చేతికి రాదు. ఫంక్షన్ హాల్లో మైకు, ఫ్లెక్సీ, కుర్చీలు వేసి ఎమ్మెల్యే చేతుల మీదుగా పంచుతారు. అర్హత తేల్చాల్సింది రెవెన్యూ శాఖ. డబ్బు ఖజానాది. మధ్యలో శాసనసభ్యుడి సంతకం ఎందుకు? దానికి చట్టంలో జవాబు లేదు, రాజకీయంలో ఉంది. ఆ సంతకమే ఎమ్మెల్యేను ఊళ్లో ఎమ్మెల్యేగా నిలబెడుతుంది.

ముఖ్యమంత్రి సహాయనిధి సంగతీ అంతే. ఆస్పత్రి బిల్లులు పట్టుకుని వచ్చిన మనిషికి ఎమ్మెల్యే లెటర్‌హెడ్ కావాలి. నిమ్స్‌లో ఆపరేషన్‌కు ఎల్‌ఓసీ (ఖర్చు భరిస్తామనే హామీ పత్రం) కావాలన్నా అదే లెటర్. సీసీ రోడ్డు, ఇళ్ల జాబితా, నియోజకవర్గ అభివృద్ధి నిధి కింద ఖర్చయ్యే కోట్లు, అన్నీ ఎమ్మెల్యే దాకా వచ్చే ముందు పైవాళ్లు దయతలచాలి. ప్రతిపక్ష ఎమ్మెల్యే సంతకానికి విలువ ఉండదని కాదు, విలువ లేకుండా చేయొచ్చు. నియోజకవర్గానికి ఓడిన అభ్యర్థినే ఇన్‌ఛార్జిగా పెట్టి, పనులన్నీ అతని మాట మీద నడిపించడం తెలుగు రాష్ట్రాలు రెండింటిలోనూ మామూలైపోయింది. అధికారులకు ఆ సైగ అర్థమవుతుంది. గెలిచిన ఎమ్మెల్యే ప్రారంభోత్సవం రోజు శిలాఫలకం మీద పేరు కోసం ప్రొటోకాల్ గొడవ పడుతూ ఉంటాడు.

దళితబంధు వచ్చాక ఇది మరీ ముదిరింది. ఒక్కో ఎస్సీ కుటుంబానికి పది లక్షలు. ఖమ్మం జిల్లాలో మొదట చింతకాని మండలంలో పూర్తిస్థాయిలో మొదలుపెట్టారు. మిగతా నియోజకవర్గాల్లో తొలి విడతగా వంద కుటుంబాల చొప్పున జాబితా. ఆ జాబితా ఎవరు రాయాలి? ఎమ్మెల్యే. ఎస్సీ నియోజకవర్గంలో వేల కుటుంబాల మధ్య వంద పేర్లు. పేరు వచ్చినవాడికి పార్టీయే ఇచ్చిందనిపిస్తుంది, రానివాడికి ఎమ్మెల్యే తన నోటి దగ్గరి కూడు తీసేశాడనిపిస్తుంది. 2023 ఏప్రిల్‌లో అప్పటి ముఖ్యమంత్రి కేసీఆరే తన పార్టీ సమావేశంలో, కొందరు ఎమ్మెల్యేలు దళితబంధులో మూడేసి లక్షలు తీసుకుంటున్నారని హెచ్చరించారు. అది ఏ ఒక్కరి పేరు పెట్టి అన్నది కాదు. కానీ అటువంటి పథకంలో ఎంపిక చేసే కలాన్ని శాసనసభ్యుడి చేతిలో పెడితే నిజాయితీపరుడైన ఎమ్మెల్యే కూడా అనుమానితుడే అవుతాడు. అధికార పార్టీలోకి వెళ్తే చేతికొచ్చేది ఈ కలం. 2023లో ఓడించిందీ కొంతవరకు ఈ కలమే.

కొంతవరకు అనడానికి కారణముంది. ఒక్క సండ్రను చూస్తే ఆయన తప్పొప్పులు కనపడతాయి. జిల్లా మొత్తం చూస్తే వేరే సంగతి కనపడుతుంది. ఉమ్మడి ఖమ్మంలో టీఆర్ఎస్ 2014లో గెలిచింది ఒకటే సీటు, కొత్తగూడెం. 2018లో ఒకటే, ఖమ్మం. 2023లో బీఆర్ఎస్‌గా ఒకటే, భద్రాచలం. మూడు ఎన్నికల్లోనూ ఈ జిల్లా ఆ పార్టీకి పదిలో తొమ్మిది చోట్ల కాదనే చెప్పింది. ఆ కాదన్న జిల్లాలోనే 2018 తర్వాత పాలేరులో కందాల ఉపేందర్ రెడ్డి, కొత్తగూడెంలో వనమా వెంకటేశ్వరరావు, ఇల్లందులో హరిప్రియ, పినపాకలో రేగా కాంతారావు, వైరాలో ఇండిపెండెంట్‌గా గెలిచిన రాములు నాయక్, సత్తుపల్లిలో సండ్ర, అశ్వారావుపేటలో మెచ్చా, మొత్తం ఏడుగురు అధికార పార్టీ గూటికి చేరారు. 2023లో రాములు నాయక్‌కు టికెట్టే రాలేదు. మిగతా ఆరుగురూ పోటీ చేశారు, ఆరుగురూ ఓడారు. దీన్ని యాదృచ్ఛికం అనడం కుదరదు. ఓటరు వరసపెట్టి లెక్క తేల్చాడు.

అలాగని ఓటరును ఆకాశానికెత్తడానికి కూడా తొందరపడక్కర్లేదు. పార్టీ మారకుండా కాంగ్రెస్‌లోనే నిలబడిన భద్రాచలం ఎమ్మెల్యే పొదెం వీరయ్య కూడా 2023లో ఓడారు. ఆయన్ను బీఆర్ఎస్ తరఫున ఓడించిన తెల్లం వెంకటరావు కొన్ని నెలలకే, 2024 ఏప్రిల్‌లో కాంగ్రెస్‌లో చేరారు. నిలబడినవాడు ఇంటికి, గెలిచినవాడు అధికార పార్టీకి. తెల్లంతో సహా పది మంది ఎమ్మెల్యేల అనర్హత పిటిషన్ల మీద మూడు నెలల్లో తేల్చాలని సుప్రీంకోర్టు 2025 జులై 31న స్పీకర్‌కు చెప్పింది. కండువాల రంగు మారింది, అలవాటు మారలేదు. ఆనాడు తమ ఎమ్మెల్యేలను లాక్కుంటున్నారని గగ్గోలు పెట్టిన పార్టీ ఈనాడు చేసింది అదే. ఆనాడు లాక్కున్న పార్టీ ఈనాడు కోర్టు మెట్లెక్కింది.

అయితే అడవి అంచున ఉన్న ఈ జిల్లాలోనే వేరే రకం ఎమ్మెల్యేలు కూడా ఉండేవారు. ఇల్లందులో గుమ్మడి నర్సయ్య అయిదుసార్లు గెలిచారు. భద్రాచలంలో సున్నం రాజయ్య మూడుసార్లు గెలిచారు, 2020లో కన్నుమూశారు. ఇద్దరూ గిరిజనులు, ఇద్దరివీ రిజర్వుడు సీట్లే. ఒకరు సీపీఐ (ఎంఎల్) న్యూడెమోక్రసీ, ఇంకొకరు సీపీఎం. అధికారంలో ఉన్న పార్టీ ఏదైనా వాళ్లు పక్కకు చూడలేదు. నర్సయ్య సైకిల్ గురించి, బస్సు ప్రయాణం గురించి పత్రికలు రాస్తూనే ఉంటాయి. ఇప్పుడు సినిమా కూడా ప్రకటించారు. ఆ సైకిల్‌ను ఒక మనిషి మంచితనంగా మాత్రమే చూడటంలో మనకో సౌకర్యం ఉంది. మంచితనం ఆయనది, మనకు సంబంధం లేదు అనుకోవచ్చు. నిజానికి ఆ సైకిల్ నడవడానికి కింద ఒక ఏర్పాటు ఉంది. పోడు భూముల కోసం, తునికాకు రేటు కోసం ఊరూరా కూడగట్టిన సంఘం ఉంది. ఎన్నికల ఖర్చు సంఘానిది, జీతం పార్టీకి ఇచ్చే పద్ధతి ఉంది, ఊళ్లో పని అడిగేవాడు మోతుబరి ద్వారా కాక సంఘం ద్వారా వస్తాడు. అటువంటి ఎమ్మెల్యేకు అధికార పార్టీ ఇచ్చే కలం లేకపోయినా నడుస్తుంది, ఎందుకంటే అతని బలం ఆ కలంలో లేదు. ఆ ఏర్పాటు బలహీనపడ్డాక వాళ్లూ ఓడిపోయారు. అది వేరే కథ.

1994లో పాలేరులో సండ్ర వెనుక ఉన్నది అటువంటి ఏర్పాటే. సత్తుపల్లికి చేరేసరికి అది లేదు. ఇరవై అయిదేళ్ల ప్రయాణంలో ఆయన కోల్పోయింది కండువా కాదని నాకనిపిస్తుంది. కింద ఉన్న సంఘం పోయాక మిగిలేది పైనున్న ప్రభుత్వం. పై ప్రభుత్వం మారితే ఎమ్మెల్యే మారక తప్పని పరిస్థితి అక్కడ పుడుతుంది. మూడుసార్లు వరసగా గెలిచిన మనిషి, కేసుకు తలవంచని మనిషి, పార్టీ మునుగుతున్నా అయిదేళ్లు నిలబడిన మనిషి చివరికి తప్పు చేశాడంటే, ఆ తప్పులో ఆయన వాటా ఎంత, ఆయన చేతిలో కలం పెట్టకపోతే నియోజకవర్గానికి చిల్లిగవ్వ రాదని చెప్పిన వ్యవస్థ వాటా ఎంత? సగం సగం అంటే నాకు అభ్యంతరం లేదు. మొత్తం ఆయనదే అంటే ఒప్పుకోను. మొత్తం వ్యవస్థదే అని ఆయన చెప్పినా ఒప్పుకోను.

ఒక మినహాయింపును దాచిపెట్టడం సరికాదు. పక్కనే మధిర ఉంది. 2008 పటంలో అదీ ఎస్సీ సీటే అయింది. 2009 నుంచి నాలుగుసార్లు మల్లు భట్టి విక్రమార్క గెలిచారు. 2018 ఎన్నికల తర్వాత తోటి ఎమ్మెల్యేల్లో చాలామంది పోతుంటే ప్రతిపక్ష నాయకుడిగా నిలబడ్డారు, ఇప్పుడు ఉప ముఖ్యమంత్రి. రిజర్వుడు సీటు నుంచి రాష్ట్రస్థాయి నాయకత్వం రాదనేవాళ్లకు ఆయన సమాధానం. అయితే భట్టికి ముందే ఒక రాజకీయ కుటుంబం ఉంది, జాతీయ పార్టీలో పరపతి ఉంది. సండ్రకు అవేవీ లేవు. ఉన్న సంఘం అండను తానే వదిలేసుకున్నారు. ఈ తేడాను పట్టించుకోకుండా ఇద్దర్నీ ఒకే కాటాలో తూచడం న్యాయం కాదు.

2023లో సత్తుపల్లిలో గెలిచింది డాక్టర్ మట్టా రాగమయి. 2014లో రెండున్నర వేల లోపు ఓట్ల తేడాతో ఓడిన మట్టా దయానంద్ భార్య. కాంగ్రెస్ గాలి ఉంది. కానీ రిజర్వుడు సీటులో గెలిచిన మహిళను ఎవరో పెద్దాయన గెలిపించారని వెంటనే అనేయడం మన విశ్లేషకులకున్న దురలవాటు. ఆమె సొంత కాళ్ల మీద నిలబడే ఎమ్మెల్యే అవుతారా అన్నది ఆమె ఏం చేస్తారన్న దానితోపాటు, మంత్రుల మాట, కల్లూరు ఆర్డీవో ఆఫీసుకు చేరే ఫైళ్ల దారి ఏం చేయనిస్తాయన్న దాని మీద కూడా ఆధారపడి ఉంటుంది. కల్యాణలక్ష్మి ఫైలు నుంచి ఎమ్మెల్యే సంతకాన్ని తీసేయడానికి చట్టసవరణ అక్కర్లేదు, ఒక ప్రభుత్వ ఉత్తర్వు చాలు. ఏ ప్రభుత్వమూ ఆ ఉత్తర్వు ఇవ్వలేదు. ఎమ్మెల్యేలూ అడగలేదు. అడిగితే వాళ్ల ఇంటి ముందు పొద్దున్నే నిలబడే జనం తగ్గిపోతారు.

ఇంతలో కొత్త పటం రాబోతోంది. రాష్ట్ర పునర్విభజన చట్టం తెలంగాణలో అసెంబ్లీ సీట్లను 119 నుంచి 153కి పెంచమంటుంది. 2026 తర్వాతి జనాభా లెక్కలు వచ్చేదాకా అది కుదరదని సుప్రీంకోర్టు 2025 జులైలో స్పష్టం చేసింది. 2027 జనగణన ఆ దారి తెరుస్తుంది. 2023లో చేసిన 106వ రాజ్యాంగ సవరణ ప్రకారం మహిళల మూడోవంతు రిజర్వేషన్ కూడా డీలిమిటేషన్‌కే ముడిపడి ఉంది, ఎస్సీ, ఎస్టీ సీట్లలోనూ మూడోవంతు మహిళలకే. కల్లూరు ఏ సీటులో పడుతుందో, ఆ సీటు ఎవరికి రిజర్వు అవుతుందో ఇప్పుడు ఎవరూ చెప్పలేరు. జనరల్ సీట్లు పెరుగుతాయా అని లెక్కలు వేసుకునే నాయకులు మాత్రం ఖమ్మంలో ఈపాటికే తయారుగా ఉంటారని ఊహించడానికి పెద్ద తెలివి అక్కర్లేదు. 2002 చట్టం కింద కొందరు ఎంపీలు, ఎమ్మెల్యేలు డీలిమిటేషన్ కమిషన్‌లో సహ సభ్యులుగా కూర్చున్నారు. వాళ్లకు ఓటు లేదు, మాట ఉంది. ముసాయిదా ప్రచురించాక అభ్యంతరాలు తీసుకుని బహిరంగంగా విచారణ జరపాలన్న నిబంధన ఆ చట్టంలోనే ఉంది. మళ్లీ అదే పద్ధతి పెడితే, ఆ విచారణకు వెళ్లి తన మండలం ఎటు పడాలో చెప్పడానికి కల్లూరు ఓటరుకు ఏ ఎమ్మెల్యే లెటర్‌హెడ్డూ అవసరం ఉండదు.